జెల్లీలో ఉన్నదేమిటి?



ఈనాటి ప్రసంగాన్ని మన వంటింట్లోనే మొదలుపెడదాం. ఆవు గానీ గేదె గానీ ఈనిన తొలి రోజుల్లో ఇచ్చే పాలను జున్నుపాలు అంటాం. వాటిలో బెల్లం, మిరియాల పొడి, యాలకుల పొడి కలిపి ఆవిరి మీద ఉడికిస్తే జున్ను తయారవుతుంది. పోసినవి పాలు, తీసేసరికి ముక్కలుగా కోసుకోగలిగిన పదార్థం. ఇది మొదటి గిన్నె.

ఇక రెండో గిన్నె చూద్దాం. మేక కాళ్లతో పాయా వండుకునే ఇళ్లలో, చలికాలం రాత్రి మిగిలిన పులుసును పొద్దున్నే మూత తీసి చూడండి. రాత్రి జారుగా ఉన్న పులుసు పొద్దుటికి పేరుకుని ఉంటుంది. గిన్నె వంచినా ఒలకదు, కదిపితే వణుకుతుంది. పొయ్యి మీద పెట్టిన రెండు నిమిషాలకు మళ్లీ పులుసే.

జున్ను వేడికి గట్టిపడింది, పాయా చలికి గట్టిపడింది. పాయాను వేడి చేస్తే మళ్లీ ద్రవమవుతుంది. జున్నును ఎంత వేడి చేసినా తిరిగి పాలు కావు. పైకి రెండూ ఒకేలా కనిపిస్తున్నా లోపల జరిగినది ఒకటి కాదన్నమాట. ఆ లోపలి సంగతే ఈనాటి మన విషయం. ఎముకలు, చర్మం, సముద్రపు నాచు వంటి వాటి నుంచి రకరకాల దేశాల వారు చేసుకున్న జెల్లీ వంటకాలను చూస్తూ, మూడు ప్రశ్నలకు సమాధానం వెతుకుదాం. జెల్లీని నిలబెట్టేది ఏది? ఒక్కో దేశం ఒక్కో పదార్థాన్ని ఎందుకు ఎంచుకుంది? గిన్నెలో గట్టిగా కనిపించేదంతా ఒంటికి బలమిస్తుందా? ఈ మూడో ప్రశ్నకు సరైన సమాధానం తెలియక చాలామంది కష్టపడ్డారు. ఆ చరిత్ర కూడా తెలుసుకుందాం.

మూడు పాయల జడ

జంతువుల చర్మంలో, ఎముకల్లో, మృదులాస్థిలో, కండరాలను ఎముకలకు కలిపే స్నాయుబంధకాల్లో కొల్లాజెన్ అనే ప్రోటీన్ ఉంటుంది. మన శరీరంలో అన్నిటికంటే ఎక్కువగా ఉన్న ప్రోటీన్ ఇదే. దీని నిర్మాణాన్ని అర్థం చేసుకోవడంలో మన దేశపు శాస్త్రవేత్తల పాత్ర గొప్పది. 1954లో మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా కలిసి, కొల్లాజెన్ అణువులో మూడు పోగులు ఒకదానినొకటి చుట్టుకుని ఉంటాయని ప్రతిపాదించారు. జడలో మూడు పాయలు ఎలా ఉంటాయో ఊహించుకోండి, సుమారుగా అలాంటిదే. ప్రతి పోగులోనూ మూడేసి అమైనో ఆమ్లాలకు ఒకటి చొప్పున గ్లైసిన్ వస్తుంది. గ్లైసిన్ అన్ని అమైనో ఆమ్లాలలోకీ చిన్నది కాబట్టి మూడు పోగులూ బాగా దగ్గరగా బిగుసుకోగలవు.

మేక కాళ్లను నీటిలో గంటల తరబడి ఉడికించినప్పుడు ఈ జడ విడిపోతుంది. పోగులు దేనికది వేరై నీటిలో కలుస్తాయి. అలా విడిపోయిన కొల్లాజెన్‌కే జెలటిన్ అని పేరు. నీరు చల్లబడేకొద్దీ ఆ పోగులు మళ్లీ జడ అల్లుకోవాలని చూస్తాయి. అయితే తమ పాత జతగాళ్లు ఎక్కడున్నాయో వాటికి తెలియదు. దగ్గరలో ఉన్న పోగుతో ఇక్కడొక ముడి, అక్కడొక ముడి వేసుకుంటాయి. చివరకు గిన్నె నిండా ఒక వల ఏర్పడుతుంది. నీరు ఆ వల కళ్లలో చిక్కుకుని కదలలేకపోతుంది.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. నెయ్యి కూడా చల్లబడితే పేరుకుంటుంది. కానీ నెయ్యి పేరుకున్నప్పుడు అందులోని కొవ్వే ఘనపదార్థంగా మారుతుంది. జెల్లీలో నీరు మంచు కాలేదు, నీరు నీరుగానే ఉంది. వంద గ్రాముల నీటిని నిలబెట్టడానికి రెండు మూడు గ్రాముల జెలటిన్ చాలు. అంటే జెల్లీలో నూటికి తొంభై పాళ్లకు పైగా నీరే. ఇలాంటి పదార్థాలను అధ్యయనం చేసిన బ్రిటిష్ రసాయన శాస్త్రవేత్త థామస్ గ్రాహం 1861లో 'కొల్లాయిడ్' అనే పేరు పెట్టాడు. గ్రీకు భాషలో ఆ పదానికి మూలం బంక. కొల్లాజెన్ అన్నా బంకను పుట్టించేదనే అర్థం. వడ్రంగులు చెక్కను అతికించడానికి పూర్వం కాచుకున్న జంతు బంక, విందు బల్ల మీద వణికే జెల్లీ దగ్గరి చుట్టాలే.

జెలటిన్ వలలోని ముడులు బలహీనమైనవి. సుమారు 30 నుంచి 35 డిగ్రీల సెల్సియస్ దగ్గర అవి ఊడిపోతాయి. మన శరీర ఉష్ణోగ్రత 37 డిగ్రీలు. అందుకే జెలటిన్ జెల్లీ నోట్లో పెట్టుకోగానే కరుగుతుంది. జున్ను సంగతి వేరు. పాలలోని ప్రోటీన్లు వేడికి తమ మడతలు విప్పుకుని ఒకదానితో ఒకటి గట్టి బంధాలు ఏర్పరచుకుంటాయి. ఆ బంధాలు మామూలు వేడికి ఊడవు. కోడిగుడ్డు ఉడికితే తిరిగి పచ్చిది కాకపోవడానికీ కారణం ఇదే.

చలి దేశాల వంటకాలు

ఎముకల పులుసు పేరుకోవాలంటే చలి కావాలి. కాబట్టి శీతల యంత్రాలు లేని రోజుల్లో ఈ వంట చలి ఉన్నచోట, చలి ఉన్న రోజుల్లో మాత్రమే సాధ్యమైంది. రష్యా, ఉక్రెయిన్ ప్రాంతాల్లో పంది కాళ్లు, గొడ్డు మాంసం, కోడి మాంసం గంటల తరబడి ఉడికించి, ఎముకలు తీసేసి, మాంసపు పీచును ఆ పులుసులోనే పేరుకోనిస్తారు. దాని పేరు ఖొలొదెత్స్. చలి అనే అర్థమున్న మాట నుంచే ఆ పేరు పుట్టింది. కొత్త సంవత్సరపు విందులో ఆవాల ముద్దతోనో, ఘాటైన హార్స్‌రాడిష్ దుంప పచ్చడితోనో తింటారు. పోలండ్‌లో ఇదే తరహా వంటకాన్ని 'చల్లని కాళ్లు' అనే పేరుతో పిలుస్తారు. తూర్పు ఐరోపా యూదులు దూడ కాళ్లతో వెల్లుల్లి దట్టించి ప్చా అనే వంటకం చేసుకునేవారు. ఉత్తర వియత్నాంలో టెట్ పండుగ చలికాలంలో వస్తుంది. పంది మాంసాన్ని తోలుతో సహా ఉడికించి పేరుకోనివ్వడం అక్కడి పండుగ వంటల్లో ఒకటి.

మన పొరుగునే ఉన్న నేపాల్‌ను చూడండి. ఖాట్మండు లోయలోని నేవార్ ప్రజలు చలికాలంలో గేదె మాంసంతో తఃఖా, చేపలతో సన్యాఖునా చేసుకుంటారు. ఇవి తీపి వంటకాలు కావు, కారం, మసాలా కలిసిన పులుసులు. రాత్రి చలికి పేరుకున్న ఆ పులుసును ముక్కలుగా కోసి వడ్డిస్తారు. దక్షిణాసియా వంటల్లో జెల్లీ లేదనుకునేవారికి ఇదొక మంచి సమాధానం.

ఇవేవీ ఈమధ్య పుట్టినవి కావు. పదో శతాబ్దంలో బాగ్దాద్ వంటలను సేకరించి ఇబ్న్ సయ్యార్ అల్ వర్రాక్ కూర్చిన గ్రంథంలో, చేప తలలను సిర్కా, సుగంధ ద్రవ్యాలతో ఉడికించి పేరుకోనిచ్చే విధానం ఉంది. ఫ్రిజ్ లేని కాలంలో ఎముకను, తోలును, తలను వృథా పోనివ్వకుండా వాడుకోవడం ఈ వంటలన్నిటి వెనుక ఉన్న ఇంగితం. మాంసం పైన పేరుకున్న పులుసు గాలి తగలకుండా కొంత అడ్డుకుంటుంది కూడా. అలాగని అది సూక్ష్మజీవులను చంపదు. చలి తగ్గితే ఈ పులుసు త్వరగా పాడవుతుంది.

చైనాలోని షాంఘై ప్రాంతపు వంటవారు జెలటిన్ కరిగే గుణాన్నే ఒక ఉపాయంగా మార్చుకున్నారు. మన కుడుముల్లా ఆవిరి మీద ఉడికించే చిన్న పొట్లాల్లో వేడి చారు ఉంటుంది. పిండి పొరలో చారు పోసి మూయడం ఎలా సాధ్యం? వారు చారును పోయరు. పంది తోలుతో కాచి పేరుకోనిచ్చిన చారును ముక్కలుగా తరిగి, మాంసంతో కలిపి లోపల పెట్టి మూస్తారు. ఆవిరి తగలగానే ముక్కలు కరిగి చారవుతాయి. మూసేటప్పుడు ఘనం, తినేటప్పుడు ద్రవం.

తీపి జెల్లీ, ఇనుప కుక్కరు

ఐరోపాలో సంపన్నుల విందుల్లో పళ్లరసం, మద్యం, పంచదార కలిపిన తీపి జెల్లీలు గొప్ప హోదాకు గుర్తుగా ఉండేవి. దూడ కాళ్లను రోజంతా ఉడికించాలి, పైన తేలిన కొవ్వు తీయాలి, గుడ్డు తెల్లసొనతో మడ్డి పట్టి వడకట్టాలి. అంత చాకిరీ చేయడానికి పనివాళ్లు, చల్లబరచడానికి మంచు ఉన్న ఇళ్లలోనే అద్దంలాంటి జెల్లీ సాధ్యమయ్యేది. పందొమ్మిదో శతాబ్దపు ఇంగ్లండులో జబ్బు మనిషికి దూడ కాళ్ల జెల్లీ ఇవ్వడం మర్యాదగా, వైద్యంగా కూడా భావించేవారు.

దీనిని సామాన్యుల ఇంటికి తెచ్చింది పొడి రూపం. అమెరికాలో బంక కర్మాగారం నడిపిన పీటర్ కూపర్ 1845లో పొడి జెలటిన్‌కు పేటెంట్ పొందాడు. 1897లో న్యూయార్క్ రాష్ట్రంలోని లెరాయ్ అనే ఊళ్లో పర్ల్ వెయిట్ ఆ పొడికి పళ్ల రుచి, పంచదార, రంగు జోడించాడు. ఆయన భార్య మే దానికి జెల్-ఓ అని పేరు పెట్టింది. సరుకు అమ్ముడుపోక 1899లో ఆ హక్కులను 450 డాలర్లకు అమ్మేసుకున్నారు. కొన్నేళ్లలోనే అది అమెరికా అంతటా ఇంటింటి వస్తువైంది. ఇళ్లలోకి ఫ్రిజ్‌లు వచ్చాక జెల్లీ పిచ్చి ఇంకా పెరిగింది. నిమ్మ రుచి జెల్లీలో తురిమిన క్యాబేజీ, క్యారట్, ఆలివ్ కాయలు, చివరకు చేప ముక్కలు కూడా పేర్చి 'సలాడ్' అని వడ్డించేవారు. 1960లలో టమాటా రుచి, సెలెరీ ఆకు రుచి జెల్లీ పొడులు కూడా బజారులో ఉండేవి. ఇప్పటి అమెరికన్ పిల్లలు ఆ వంటల బొమ్మలు చూసి నవ్వుకుంటారు. అయినా 2001లో యూటా రాష్ట్రం జెల్-ఓను తమ అధికారిక చిరుతిండిగా ప్రకటించింది.

ఈ కథలో మన ఇంటి వస్తువు కూడా ఒకటి ఉంది. ఫ్రాన్స్ దేశీయుడు డెనిస్ పాపిన్ 1679లో లండన్‌లోని రాయల్ సొసైటీ వారికి గట్టిగా మూత బిగించిన ఒక ఇనుప పాత్రను చూపించాడు. లోపలి ఆవిరి ఒత్తిడి వల్ల నీరు వంద డిగ్రీలు దాటి వేడెక్కుతుంది, గట్టి ఎముకలు కూడా మెత్తబడతాయి. ఎముకల్లోని జెల్లీని వంటకు తీయడమే ఆయన ప్రధాన ఉద్దేశాలలో ఒకటి. మీ ఇంట్లో పప్పు ఉడికేటప్పుడు కూత పెట్టే ప్రెషర్ కుక్కరుకు పూర్వరూపం అదే.

పేదల గిన్నెలో జెలటిన్

ఇప్పుడు మూడో ప్రశ్నకు వద్దాం. పారేసే ఎముకల్లో ఇంత జెలటిన్ ఉన్నప్పుడు, దానితో పేదల ఆకలి తీర్చవచ్చు కదా? ఈ ఆలోచన మంచి మనసుతోనే పుట్టింది. పారిస్‌లో జాన్ పియర్ జోసెఫ్ దార్సే అనే రసాయన శాస్త్రవేత్త ఎముకల నుంచి జెలటిన్‌ను చవకగా తీసే పద్ధతులు రూపొందించాడు. 1814లో పారిస్ వైద్య విద్యాలయం వారి సంఘం దానిని మెచ్చుకుంది. 1829 నుంచి పారిస్‌లోని సెయింట్ లూయీ ఆసుపత్రిలో పెద్ద యంత్రం పెట్టి రోగులకు జెలటిన్ చారు పోశారు. మాంసానికి బదులు ఇది చాలునని నమ్మారు. చారు చిక్కగా ఉంది, చల్లారితే పేరుకుంటోంది, అందులో నత్రజని కూడా ఉంది. ఇంకేం కావాలి?

కానీ తాగినవారికి ఆకలి తీరలేదు. 1831లో ఆల్‌ఫ్రెడ్ డొనే అనే వైద్యుడు తానే కొన్ని రోజులు జెలటిన్ మీద ఆధారపడి చూశాడు. బరువు తగ్గాడు. వివాదం ముదిరాక, ప్రసిద్ధ శరీరధర్మ శాస్త్రవేత్త ఫ్రాన్స్వా మజాందీ నాయకత్వాన ఫ్రెంచి విజ్ఞాన అకాడమీ ఒక సంఘాన్ని వేసింది. 1841లో ఆ సంఘం తన నివేదికను వెలువరించింది. జెలటిన్‌ను మాత్రమే ఆహారంగా పెడితే కుక్కలు బతకలేదని ప్రయోగాలు తేల్చాయి. మెచ్చుకోలుకూ పరీక్షకూ మధ్య ఇరవై ఏడేళ్లు గడిచాయి. ఆ ఏళ్లలో ఆ చారు మీద ఆధారపడినవారు వేరే తిండి కొనుక్కోలేని రోగులు, పేదలు.

ఎందుకు చాలలేదు? కారణం తెలియడానికి మరో అరవై ఏళ్లు పట్టింది. మన శరీరం తనంతట తాను తయారుచేసుకోలేని కొన్ని అమైనో ఆమ్లాలు ఉన్నాయి. వాటిని ఆహారం నుంచే పొందాలి. వాటిలో ఒకటైన ట్రిప్టోఫాన్‌ను 1901లో ఇంగ్లండులో హాప్‌కిన్స్, కోల్ వేరుచేశారు. జెలటిన్‌లో ఈ ట్రిప్టోఫాన్ అసలు లేదు. మిగతా అత్యవసర ఆమ్లాలు కొన్ని చాలా తక్కువ. ఇల్లు కట్టడానికి ఇటుకలు కుప్పలుగా ఉన్నా, సిమెంటు లేకపోతే గోడ లేవదు కదా! జెలటిన్ చెడ్డది కాదు. అన్నం, పప్పు, పాలు, గుడ్డు వంటి వాటితో కలిసినప్పుడు అదీ శరీరానికి ఉపయోగపడుతుంది. పాయాతో రొట్టె, పప్పు తినేవారికి ఏ లోటూ లేదు. అదొక్కటే చాలుననడం తప్పు.

ఇది పాత కథే కదా అనుకోకండి. 1970లలో అమెరికాలో బరువు తగ్గడానికి 'ద్రవ ప్రోటీన్' పానీయాలు వచ్చాయి. వాటిలో చాలా వరకు తోళ్లు, స్నాయువుల నుంచి తీసిన కొల్లాజెన్ ద్రావణాలే. అన్నం నీళ్లు మాని వాటి మీదే వారాల తరబడి గడిపినవారిలో పదుల సంఖ్యలో మరణాలు నమోదయ్యాయి. చాలావరకు అవి గుండె లయ తప్పడం వల్ల సంభవించినవి. 1977లో ఆ దేశపు ఆరోగ్య సంస్థలు దర్యాప్తు జరిపాయి. మజాందీ నివేదిక వచ్చి అప్పటికి 136 ఏళ్లు.

ఈరోజు మన దుకాణాల్లోనూ కొల్లాజెన్ పొడులు ఖరీదైన డబ్బాల్లో అమ్ముతున్నారు. తిన్న కొల్లాజెన్ నేరుగా వెళ్లి చర్మంలో కూర్చోదు. జీర్ణక్రియలో అమైనో ఆమ్లాలుగా, చిన్న పెప్టైడ్‌లుగా విడిపోతుంది. చర్మానికి, కీళ్లకు వాటి వల్ల ఏమాత్రం మేలు ఉంటుందన్న విషయం మీద పరిశోధనలు సాగుతున్నాయి. కానీ డబ్బా మీద ప్రోటీన్ ఎన్ని గ్రాములని రాసి ఉన్నా, అది పప్పుకూ గుడ్డుకూ సాటి వచ్చే ప్రోటీన్ కాదన్నది మాత్రం 1841 నుంచీ తెలిసిన విషయం.

వేడి దేశాల వల

మళ్లీ వంటింట్లోకి వద్దాం. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను పిల్లలకు జెల్లీ ప్రయోగం చూపించాలని సరదాపడ్డాను. అది ఏప్రిల్ నెల. ముందురోజు రాత్రి ఒక పళ్లెంలో జెలటిన్‌తో, మరో పళ్లెంలో చైనా గ్రాస్‌తో జెల్లీలు చేసి ఫ్రిజ్‌లో పెట్టాను. రాత్రంతా కరెంటు లేదు. పొద్దున చూస్తే జెలటిన్ పళ్లెంలో ఎర్రటి షర్బతు ఉంది. చైనా గ్రాస్ మాత్రం గట్టిగా, చక్కగా నిలిచి ఉంది. ప్రయోగం చెడిందని దిగులుపడుతూ రెండు పళ్లేలూ తరగతికి పట్టుకెళ్లాను. ఒక విద్యార్థిని అడిగింది, "టీచర్, ఇదెందుకు కరగలేదు?" అని. ఆ రోజు పాఠం అంతా ఆ ప్రశ్న మీదే నడిచింది. నేను వేసుకున్న పాఠం కంటే అదే మంచి పాఠమైంది.

చైనా గ్రాస్ అని మనం పిలిచేది అగర్. అది గడ్డి కాదు, ఎర్ర జాతి సముద్రపు నాచుల నుంచి తీసిన పిండిపదార్థపు జాతి పదార్థం. మరిగే నీటిలో కరుగుతుంది, 35-40 డిగ్రీల దగ్గర పేరుకుంటుంది. ఒకసారి పేరుకున్నాక మళ్లీ కరగాలంటే సుమారు 85 డిగ్రీల వేడి కావాలి. కాబట్టి మన వేసవి దాన్ని ఏమీ చేయలేదు. అగర్-అగర్ అన్నది మలయ్ భాషలోని మాట. ఇండోనేషియా, మలేషియా, ఫిలిప్పీన్స్ వంటి ఉష్ణ దేశాల తీపి వంటల్లో కొబ్బరిపాలతో, తాటిబెల్లంతో అగర్ జెల్లీలు ఎన్నో. తమిళనాడు ముస్లింల ఇళ్లలో రంజాన్ ఇఫ్తార్ వేళ వడ్డించే కడల్ పాసి ఈ కుటుంబంలోనిదే. ఆ పేరుకు సముద్రపు పాచి అని అర్థం. ఫ్రిజ్ లేకున్నా ఇది నిలుస్తుంది. ఎముకలు చలి దేశాలవి, నాచు వేడి దేశాలదీ కావడానికి ఉష్ణోగ్రత ఒక పెద్ద కారణం.

కారణం అదొక్కటే కాదు, మనిషి నమ్మకం కూడా వంటను మారుస్తుంది. జపాన్‌లో ఎర్ర చిక్కుళ్ల ముద్దను అగర్‌తో పేర్చి చేసే యోకాన్ అనే మిఠాయి ఉంది. పూర్తిగా శాకాహారం. కానీ దాని పేరు రాసే రెండు అక్షరాలకు అర్థం 'గొర్రె', 'చారు' అని. చైనాలో అది మొదట గొర్రె మాంసపు చారు, చల్లారితే పేరుకునేది. మాంసం ముట్టని బౌద్ధ భిక్షువులు దానిని జపాన్‌కు తెచ్చి చిక్కుళ్లతో చేసుకున్నారు. తరువాతి కాలంలో అగర్ వచ్చి చేరింది. గొర్రె పోయింది, పేరు మిగిలింది. అగర్‌ను ఎండబెట్టే పద్ధతి గురించి కూడా జపాన్‌లో ఒక కథ చెబుతారు. పదిహేడో శతాబ్దంలో ఒక సత్రం యజమాని మిగిలిన నాచు జెల్లీని చలికాలం రాత్రి బయట పారేశాడట. అది రాత్రి గడ్డకట్టి, పగలు కరిగి, నీరంతా పోయి తేలికైన పీచుగా మిగిలిందట. కథ ఎలా ఉన్నా, గడ్డకట్టించి కరిగించి ఆరబెట్టే పద్ధతి మాత్రం నిజంగానే నిలిచింది.

వంటింటి నుంచి ప్రయోగశాలకు

1881లో జర్మనీలో రాబర్ట్ కాక్ ప్రయోగశాలలో ఒక చిక్కు వచ్చింది. సూక్ష్మజీవులను విడివిడిగా పెంచడానికి ఆయన జెలటిన్ పలకలు వాడేవాడు. మనిషి శరీరంలో పెరిగే సూక్ష్మజీవులకు 37 డిగ్రీలు కావాలి. ఆ వేడికి జెలటిన్ కరిగిపోతుంది. పైగా కొన్ని సూక్ష్మజీవులు జెలటిన్‌నే తిని నీరుచేస్తాయి. అక్కడ పనిచేస్తున్న వాల్తర్ హెస్సే ఇంట్లో ఈ సంగతి చెప్పగా, ఆయన భార్య ఫానీ హెస్సే అగర్ వాడమని సలహా ఇచ్చింది. జావాలో ఉండి వచ్చిన స్నేహితుల ద్వారా ఆమెకు అగర్ జెల్లీలు చేయడం తెలుసు. వేసవిలో కూడా ఆమె జెల్లీలు కరిగేవి కావు.

1882లో క్షయ కారక సూక్ష్మజీవిని కనుగొన్నట్టు ప్రకటించిన పత్రంలో కాక్ అగర్‌ను ప్రస్తావించాడు. ఫానీ హెస్సే పేరు అందులో లేదు. నేటికీ మన ఊళ్లోని ప్రయోగశాలలో మూత్రాన్నో, గొంతు స్రావాన్నో పరీక్షకు ఇస్తే, సూక్ష్మజీవులను పెంచే పళ్లెంలో ఉండేది ఆమె వంటింటి అగరే. మన దేశంలో ఈ నాచును రామనాథపురం జిల్లా తీరంలో మత్స్యకార స్త్రీలు సముద్రంలో మునిగి సేకరిస్తారు. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ అగర్ రాక ఆగిపోతే, బ్రిటన్, న్యూజిలాండ్ వంటి దేశాలు తమ తీరాల్లో నాచులు వెతుక్కోవలసి వచ్చింది. మిఠాయి కోసం కాదు, వైద్యం కోసం!

మీరు చేసి చూడండి

పెద్దల సాయంతో మీరు ఇంట్లో చేయదగిన ప్రయోగం ఒకటి చెబుతాను. జెలటిన్ జంతువుల నుంచి వచ్చేది కాబట్టి ముందు ఇంట్లోవారిని అడగండి. అభ్యంతరం ఉంటే ఈ ప్రయోగాన్ని బడిలో చూడవచ్చు. మూడు కప్పులు తీసుకోండి. మొదటి కప్పులో జెలటిన్ ద్రావణంలో పచ్చి అనాస ముక్కలు వేయండి. రెండో దానిలో నీటిలో బాగా ఉడికించిన అనాస ముక్కలు వేయండి. మూడో దానిలో అగర్ ద్రావణం పోసి పచ్చి అనాస వేయండి. మూడింటినీ ఫ్రిజ్‌లో ఉంచండి.

రెండూ మూడూ పేరుకుంటాయి. మొదటిది పేరుకోదు. పచ్చి అనాసలో బ్రొమెలైన్ అనే ఎంజైమ్ ఉంది. అది ప్రోటీన్ పోగులను తుంచేస్తుంది, ఇక వల అల్లుకోదు. ఉడికిస్తే ఎంజైమ్ పనిచేయదు. అగర్ ప్రోటీన్ కాదు కాబట్టి బ్రొమెలైన్ దానిని తుంచలేదు. మటన్ త్వరగా ఉడకడానికి మన ఇళ్లలో పచ్చి బొప్పాయి ముద్ద పట్టించడం మీరు చూసే ఉంటారు. బొప్పాయిలోని పపైన్ చేసే పనీ ఇదే. పేరు చూడకుండా, రుచి చూడకుండా, కప్పులో ఉన్నది జంతువుదో నాచుదో ఒక అనాస ముక్క చెప్పగలదన్నమాట.

దుకాణంలో అనాస ముక్క పట్టుకెళ్లలేం కాబట్టి అక్కడ పొట్లం మీది అక్షరాలు చదవండి. మన దేశంలో శాకాహారానికి ఆకుపచ్చ చుక్క గుర్తు. మాంసాహారపు గుర్తుగా మొదట గోధుమ రంగు చుక్క ఉండేది, 2020 నిబంధనల తరువాత గోధుమ రంగు త్రికోణంగా మారింది. 406 అంకె ఉంటే అగర్, 407 అయితే మరో నాచు పదార్థమైన కారజీనన్, 440 అయితే పళ్ల నుంచి తీసిన పెక్టిన్. జామపండు జెల్లీని నిలబెట్టేది ఈ పెక్టినే. మార్ష్‌మాలో మిఠాయిల్లో, చాలా మందు గొట్టాల పై పొరలో ఉండేది జెలటిన్. ఏది తినాలో, ఏది తినకూడదో ఎవరి నమ్మకం వారిది. తినేది ఏమిటో తెలుసుకునే హక్కు మాత్రం అందరిదీ.

చిన్న తమ్ముళ్లు, చెల్లెళ్లు ఉన్నవారికి ఒక హెచ్చరిక. అన్ని జెల్లీలూ నోట్లో కరగవు. కొంజాక్ అనే దుంప పిండితో చేసిన చిన్న కప్పుల జెల్లీలు పిల్లల గొంతులో అడ్డుపడి ప్రాణాలు తీసినందువల్ల 2002లో ఐరోపా సమాఖ్య వాటి అమ్మకాన్ని నిలిపివేసింది. ఏ కప్పు జెల్లీనైనా పసిపిల్లలకు అలాగే పీల్చి మింగనివ్వకండి.

విద్యార్థులారా, ఇవాళ మనం చూసిన వంటకాలన్నిటినీ ఒక్కసారి తలచుకోండి. ఖాట్మండు చలిలో పేరుకున్న చేపల పులుసు, పోలండ్ వారి చల్లని కాళ్లు, జపాన్ భిక్షువుల చిక్కుళ్ల మిఠాయి, ఇఫ్తార్ వేళ కడల్ పాసి. అన్నిటిలోనూ నీరుంది, తేడా అంతా ఆ నీటిని పట్టి నిలిపే వలలో ఉంది. ఆ వల దేనితో అల్లినదో తెలిస్తే అది ఎప్పుడు కరుగుతుందో, ఎవరికి తగుతుందో, ఒంటికి ఏమిస్తుందో తెలుస్తుంది. పారిస్ ఆసుపత్రిలో చారు చిక్కదనాన్ని చూసి తృప్తిపడ్డారే గాని, తాగినవారు కోలుకుంటున్నారా అని చూడటానికి ఏళ్లు పట్టింది. రేపు మీలో కొందరు వైద్యులవుతారు, కొందరు అధికారులవుతారు, కొందరు హాస్టల్ పిల్లలకు భోజనపు పట్టిక రాసే పనిలో ఉంటారు. ఎవరైనా ఒక పొడిని చూపించి ఇది అన్నానికి బదులు చాలునంటే, ఆ గిన్నె ఎదుట కూర్చున్న మనిషిని ముందు చూడండి. తరువాత అడగండి, "ఇందులో ఉన్నదేమిటి? లేనిదేమిటి?" అని.